తామర మందు కథ: గంధకం నుంచి ట్యూబు దాకా

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన ఇండ్లల్లో అద్దం పక్కన ఒక గూడు ఉంటుంది. దువ్వెన, కుంకుమ భరిణె, పౌడరు డబ్బా, తలనొప్పి మందు, వాటి నడుమ తోక మడిచిన ఒక ట్యూబు. అది ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో ఎవరికీ జ్ఞాపకం ఉండదు. దురద పుడితే మాత్రం ముసలామె దగ్గర నుంచి పసిపిల్ల దాకా అందరికీ అదే మందు. ఈ రోజు నేను ఆ ట్యూబు కథ చెబుదామని వచ్చాను. ఎందుకు చెబుతున్నానో ముందు చెప్పి, తర్వాత కథలోకి పోతాను.

మూడేండ్ల కింద ఎండాకాలంలో మా ఆడబిడ్డ కూతురు సెలవులకు కోస్గికి వచ్చింది. ఇంటర్ చదువుతున్న పిల్ల. ఒకనాడు పొద్దుగూకే వేళ నన్ను లోపలింట్లోకి పిలిచి, "అత్తా, నడుము కాడ ఒకటే దురద. అమ్మకు చెప్పకు" అన్నది. లంగా బొందు కట్టుకునే చోట రూపాయి బిళ్ళంత మచ్చ. అంచు ఎర్రగా పొక్కులు పొక్కులుగా ఉన్నది, మధ్యన తేటగా ఉన్నది. "ఇంతే గద బిడ్డా, తామర" అని గూట్లో ఉన్న ట్యూబు తీసి చేతిలో పెట్టాను. రెండు రోజుల్లో మంత్రం వేసినట్టు దురద పోయింది. ఊరికి పోయేటప్పుడు బజారుకు పోయి అదే పేరుది ఇంకొక ట్యూబు కొనిచ్చి పంపాను కూడా.

దసరాకు మళ్ళీ వచ్చింది. పిల్ల ముఖంలో కళ లేదు. మచ్చ నడుము నుంచి తొడలకు, చంకలకు పాకింది. పూసినన్నాళ్ళు తగ్గుతుంది, ఆపితే రెండింతలై లేస్తుంది. నాలుగు ట్యూబులు అయిపోయినాయట. అంతకన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. చంకల దగ్గర, తొడల లోపలి వైపున నీలం కలిసిన ఎర్రటి చారలు, నిండు చూలాలి పొట్ట మీద ఉంటాయే, అట్లాంటివి. పదిహేడేండ్ల పిల్ల ఒంటి మీద!

మహబూబ్‌నగర్‌లో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. ఆయన మచ్చ చూడకముందే "ఇంట్ల ఏం పూసిండ్రు? ట్యూబు తెచ్చిండ్రా?" అని అడిగాడు. తెచ్చింది ఇచ్చాను. వెనుక సన్నటి అక్షరాలు చదివి, "అమ్మా, ఇందుల మూడు మందులున్నయి. ఒకటి తామరను చంపేది. ఇంకొకటి ఈ పిల్లకు అక్కరలేనిది. మూడోది తామరకు పాలు పోసి పెంచేది" అన్నాడు. "ఎవరిచ్చిండ్రు ఇది?" అన్నాడు.

ఇచ్చింది నేనే. నోరు పెగలలేదు.

పదో తరగతి దాకా చదివి, ఇల్లు చూసుకుంటూ అప్పుడప్పుడు రేడియోలో నాలుగు మాటలు చెప్పేదాన్ని. ఊరందరికీ సంగతులు చెప్పే మనిషిని, నా చేతిలో ఉన్న ట్యూబు మీద ఏం రాసి ఉందో చదవలేదు. అప్పటి నుంచి దొరికిన పుస్తకం చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. అట్లా పోగుచేసుకున్న కథ ఇది.

పువ్వు పేరు పెట్టుకున్న రోగం

మన భాషలో తామర అంటే పువ్వు, తామర అంటే రోగం కూడా. చూస్తే ఆ రోగమూ పువ్వు లాగే రేకు మీద రేకు విప్పినట్టు గుండ్రంగా పెరుగుతూ పోతుంది. సంస్కృతంలో దీన్ని దద్రువు అన్నారు. చరకుడు, సుశ్రుతుడు ఇద్దరూ దీన్ని చర్మరోగాల లెక్కలో చెప్పారు. మన చేల గట్ల మీద వానలకు మొలిచే తగిరిస చెట్టును చక్రమర్దం అని, దద్రుఘ్నం అని కూడా అన్నారు. దద్రుఘ్నం అంటే తామరను చంపేదని అర్థం. మెట్టతామర అని ఇంకొక చెట్టు ఉన్నది. దాని ఆకు నూరి పూసేవాళ్ళు. మా అత్తమ్మ కాలంలో అయితే గంధకం పొడి నూనెలో రంగరించి పూయడమే. వాసనకు పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. తగ్గడానికి నెలలు పట్టేది. కాని ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మందుకు మోసం తెలియదు. తగ్గితే తగ్గినట్టే కనబడేది, తగ్గకపోతే తగ్గనట్టే కనబడేది.

అట్లాగని పాతవన్నీ మంచివని నేను అనను. కిరోసిన్ రుద్దుకొని చర్మం కాల్చుకున్నవాళ్ళను ఇదే ఊళ్ళో చూశాను.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని పురుగు అనుకున్నారు. చర్మం కింద గుండ్రంగా తిరిగే పురుగు అని వాళ్ళ భాషలో పేరే పెట్టుకున్నారు, ఆ పేరు ఇప్పటికీ పోలేదు. నిజానికి అది పురుగు కాదు, బూజు. తొక్కు జాడీలో తడి గరిటె పెడితే నాలుగు రోజులకు తెల్లగా పైన కడుతుందే, ఆ బూజు జాతిదే. డాక్టర్లు ఫంగస్ అంటారు, పుస్తకాల్లో శిలీంధ్రం అని రాస్తారు. తొక్కుకు తడి తగిలితే ఏమవుతుందో తెలిసిన ఆడదానికి తామర సంగతి సగం తెలిసినట్టే.

పట్టుపురుగు చెప్పిన రహస్యం

ఇది బూజు అని ఎట్లా తెలిసిందో వింటే, నారాయణపేట పట్టుచీర కట్టుకున్న మనకు ముచ్చట వేస్తుంది. ఇటలీలో పట్టుపురుగులకు ఒక రోగం వచ్చి, తెల్లటి సున్నం అద్దినట్టు అయి చచ్చిపోయేవి. పట్టు మీద బతికే ఊళ్ళు దివాలా తీశాయి. అగస్టీనో బస్సీ అనే ఆయన ఏండ్ల తరబడి తవ్వి తవ్వి, దానికి కారణం కంటికి కనబడని ఒక బూజు అని 1835లో ప్రకటించాడు. ఆ మాట వినే, జ్యూరిచ్‌లో ఉన్న షోన్‌లైన్ అనే వైద్యుడికి ఆలోచన తట్టింది: పురుగుకు బూజు పట్టినప్పుడు మనిషికెందుకు పట్టదు? 1839లో తలకు వచ్చే ఒక రకం తామర పెచ్చులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే బూజు కనబడింది. ఆ వెనుకనే 1841 నుంచి పారిస్‌లో డేవిడ్ గ్రూబీ అనే హంగేరీ వైద్యుడు, ఆ బూజు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని చూపించాడు.

క్షయకు కారణమైన క్రిమిని కాక్ మహాశయుడు కనిపెట్టింది 1882లో. అంటే దానికి నలభై ఏండ్ల ముందే, మనం చిన్నచూపు చూసే ఈ తామర ఒక పెద్ద సత్యం చెప్పింది. కంటికి కనబడని ప్రాణి మనిషికి రోగం తేగలదని మొదట రుజువైన వాటిలో ఇదొకటి.

కారణం తెలిసింది గాని మందు దొరకలేదు. పారిస్‌లో తలతామర వచ్చిన పిల్లలను బడికి రానిచ్చేవాళ్ళు కాదు, ఏండ్ల తరబడి విడిగా ఉంచేవాళ్ళు. అక్కడ సబురో అనే పెద్ద వైద్యుడు 1904లో ఎక్స్-రేలతో జుట్టు ఊడగొట్టి నయం చేసే పద్ధతి తెచ్చాడు. పిల్లలు నెలల్లో బాగుపడ్డారు, లోకం మెచ్చుకున్నది. 1950 ప్రాంతాల్లో ఇజ్రాయెల్‌కు వలస వచ్చిన వేలాది పిల్లలకు కూడా ఇదే చేశారు. తర్వాత ఏండ్లకు వాళ్ళల్లో కొందరికి మెదడులో, మెడ దగ్గర గ్రంథిలో కంతులు బయటపడ్డాయి. ఆ దేశం 1994లో చట్టం చేసి నష్టపరిహారం ఇవ్వాల్సి వచ్చింది. చిన్న రోగానికి పెద్ద ఆయుధం ఎత్తితే ఏమవుతుందో చెప్పే కథ ఇది. దీన్ని మనసులో ఉంచుకోండి, చివర పనికొస్తుంది.

ఇక మలాముల సంగతి. 20వ శతాబ్దం మొదట్లో లండన్‌లో విట్‌ఫీల్డ్ అనే చర్మవైద్యుడు ఒక మలాము కలిపాడు. నూటికి 6 పాళ్ళు బెంజోయిక్ ఆమ్లం, 3 పాళ్ళు సాలిసిలిక్ ఆమ్లం. మొదటిది బూజును ఆపుతుంది, రెండోది బూజు పట్టిన పై పొరను పొరలు పొరలుగా రాలగొడుతుంది. కొద్దిగా మండుతుంది, చౌక. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి అత్యవసర మందుల జాబితాలో ఎన్నో ఏండ్లు దానికి చోటు ఉండేది.

ఇద్దరు ఆడవాళ్ళు, ఒక జాడీ మట్టి

ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టమైన భాగం చెబుతాను. దీనికి మన తెలుగు మనిషితో మొదలు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే సంస్థలో పరిశోధనలకు పెద్దగా ఉన్నారు. ఆ ప్రయోగశాలలోనే డగ్గర్ అనే ఆయన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు, 1948లో లోకానికి తెలిసింది. ఎన్నో రకాల క్రిములను చంపే మందు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. లెడర్లీలోనే పనిచేసిన హెసెల్టీన్ అనే శాస్త్రజ్ఞుడు 1953లో కొత్తగా కనిపెట్టిన ఒక బూజు జాతికి ఆయన జ్ఞాపకంగా సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టాడు. మనవాళ్ళ పేరు వీధులకు ఉన్నది, బళ్ళకు ఉన్నది, బూజుకు కూడా ఉన్నది!

ఇట్లాంటి మందులు ప్రాణాలు కాపాడాయి గాని, ఒక చిక్కు తెచ్చాయి. మన ఒంట్లో ఉండే మంచి క్రిములను కూడా అవి చంపేవి. ఖాళీ అయిన ఇంట్లో ఎలుకలు చేరినట్టు, నోట్లో, పేగుల్లో, ఆడవాళ్ళకు లోపలి భాగాల్లో తెల్లటి బూజు పెరగడం మొదలైంది. దానికి మందు లేదు.

ఆ మందు ఇద్దరు స్త్రీలు వెతికారు. ఎలిజబెత్ హేజెన్ 1885లో మిసిసిపీలో పుట్టింది, చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. రేచల్ బ్రౌన్ 1898లో పుట్టింది, తండ్రి ఇల్లు విడిచిపోతే తల్లి సాకింది, ఒక కలిగిన ఇంటి పెద్దావిడ డబ్బు కట్టి చదివించింది. ఇద్దరూ న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఉద్యోగులు. హేజెన్ న్యూయార్క్ నగరంలో, బ్రౌన్ ఆల్బనీలో. నడుమ రెండు వందల కిలోమీటర్లకు పైన దూరం. అయినా కలిసి పనిచేశారు. ఎట్లా అంటారా, పోస్టులో! హేజెన్ ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి, అందులోని జీవులను పెంచి, బూజును చంపుతున్నవాటిని గాజు జాడీలో పెట్టి పోస్టు చేసేది. బ్రౌన్ అందులోని మందును విడదీసి మళ్ళీ పోస్టులో పంపేది. హేజెన్ దాన్ని పరీక్ష చేసేది. ఎన్నో జాడీలు వృథా అయ్యాయి. చివరకు వర్జీనియాలో ఒక స్నేహితుల పొలంలోని మట్టిలో దొరికింది. 1950లో ప్రకటించారు. తమ రాష్ట్రం పేరు మీద నిస్టాటిన్ అని పిలిచారు. మనుషులకు భద్రంగా వాడుకోగలిగిన మొదటి బూజు చంపే యాంటీబయాటిక్ అదే.

ఆ మందు మీద వచ్చిన హక్కుల డబ్బు ఒక కోటి ముప్పై లక్షల డాలర్లకు పైనే. ఇద్దరూ అందులో ఒక్క డాలరు ఇంటికి తీసుకుపోలేదు, అంతా పరిశోధనలకు, చదువులకు ఇచ్చేశారు. 1966లో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరానికి వరద వచ్చి అపురూపమైన బొమ్మలకు బూజు పడితే, దాన్ని ఆపడానికి కూడా నిస్టాటిన్ చల్లారు.

మన దేశమూ ఊరకే లేదు. పుణె పక్కన పింప్రీలో ప్రభుత్వం పెట్టిన హిందూస్థాన్ యాంటీబయాటిక్స్‌లో తిరుమలాచార్ గారి బృందం 1960 తర్వాత ఇక్కడి మట్టిలోంచే హామైసిన్ అనే బూజు మందు తీసింది. ఆ మందు పుట్టిన జీవికి పింప్రీ ఊరి పేరు వచ్చేటట్టే పేరు పెట్టారు. పనికోసం పుణె, బొంబాయి పోయిన మన పాలమూరు కూలీలు ఆ పింప్రీ దారుల్లో ఎన్నిసార్లు మట్టి మోసి ఉంటారో! ఆ మట్టిలో మందు ఉన్నదని ఎవరు అనుకుంటారు?

ఒక సంగతి మరవకండి. నిస్టాటిన్ తెల్లబూజుకే గాని మన తామరకు పనిచేయదు. తామరకు మింగే మందుగా గ్రిసియోఫుల్విన్ వచ్చింది. దాన్ని 1939లోనే కనిపెట్టినా, 1958లో జెంటిల్స్ అనే ఆయన జంతువులకు తినిపించి తామర పోతుందని చూపించేదాకా ఎవరూ పట్టించుకోలేదు. అది వచ్చాకే పిల్లల తలలకు ఎక్స్-రేలు పెట్టడం ఆగిపోయింది. 1960ల చివర జర్మనీలో క్లోట్రిమజోల్, బెల్జియంలో మైకోనజోల్ వచ్చాయి. 1990 తర్వాత టెర్బినఫిన్ వచ్చింది. బూజు కణం చుట్టూ ఉండే గోడ వంటి పొరకు ఒక రకం కొవ్వు కావాలి. ఈ మందులు ఆ కొవ్వును తయారు కానివ్వవు. మన కణాలకు ఆ కొవ్వు అక్కరలేదు, కాబట్టి మనకు పెద్దగా హాని లేదు. వాసన లేదు, మరక లేదు, మంట తక్కువ. ఇన్ని వేల ఏండ్ల తర్వాత తామరకు మంచి మందు ట్యూబులో దొరికింది.

కథ ఇక్కడ ముగిసి ఉంటే ఎంత బాగుండు!

మూడో మందు

1948లో అమెరికాలో హెంచ్ అనే వైద్యుడు కార్టిజోన్ అనే మందును కీళ్ళవాతం రోగికి ఇస్తే, మంచం పట్టిన మనిషి లేచి నడిచింది. ఆ పనికి 1950లో నోబెల్ బహుమానం వచ్చింది. 1952లో దాని తోబుట్టువైన హైడ్రోకార్టిజోన్‌ను చర్మం మీద పూసి చూశారు. గజ్జి వంటి పుండ్లు, మంటలు, దురదలు ఇట్టే తగ్గాయి. ఈ జాతి మందులనే స్టెరాయిడ్లు అంటారు. తర్వాత తర్వాత బీటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి బలమైనవి వచ్చాయి. క్లోబెటసాల్ అయితే మొదటి దానికన్నా కొన్ని వందల రెట్లు బలమైనది. తగిన రోగానికి, తగినన్ని రోజులు, డాక్టరు చెప్పినట్టు వాడితే ఇవి అమృతమే.

తామర మీద పూస్తే మాత్రం వేరే సంగతి. దురద, ఎరుపు అనేవి మన ఒళ్ళు బూజుతో చేసే పోట్లాట. స్టెరాయిడు ఆ పోట్లాటను ఆపుతుంది. దురద పోతుంది, ఎరుపు పోతుంది, మనకు హాయి. బూజుకు ఇంకా హాయి. మొరిగే కుక్క మూతి కట్టేసి, దొంగ పోయాడనుకొని నిద్రపోయినట్టు. 1968లోనే ఇంగ్లండులో ఐవ్, మార్క్స్ అనే ఇద్దరు వైద్యులు ఈ సంగతి రాశారు. స్టెరాయిడు పూసిన తామర తన గుండ్రటి రూపం పోగొట్టుకొని మారువేషం వేస్తుందని, డాక్టరు కూడా పోల్చుకోలేడని చెప్పారు.

అయినా మన దేశంలో ఒకే ట్యూబులో బూజు మందు, క్రిముల మందు, స్టెరాయిడు కలిపి అమ్మారు. దుకాణదారుకు సులువు, గజ్జో తామరో చూడనక్కరలేదు. కొనేవాళ్ళకు రెండు రోజుల్లో గుణం. ఎన్నో ఏండ్లు మన చట్టంలో కూడా ఒక సందు ఉండేది. స్టెరాయిడ్లు డాక్టరు చీటీ మీదనే అమ్మాలన్న షెడ్యూలులో, పైపూతగా వాడేవాటికి మినహాయింపు ఉండేది. దాన్ని పూడ్చమని చర్మవైద్యుల సంఘం వారు ఏండ్ల తరబడి పోరాడారు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పైపూత స్టెరాయిడ్లను చీటీ మందుల్లో చేర్చింది. అదే ఏడు సెప్టెంబరులో అర్థం లేని కలగూరగంప మందులు 328 నిషేధించింది, వాటిలో ఇట్లాంటి క్రీములు కూడా కొన్ని ఉన్నాయి. చట్టం వచ్చింది. మా గూట్లోకి ట్యూబు ఆ తర్వాతనే వచ్చింది. నన్ను ఎవరూ చీటీ అడగలేదు, నేనూ అడిగించుకోలేదు.

తెల్లబడాలని ముఖానికి పూసే కొన్ని క్రీములదీ ఇదే వరుస. 1975లో క్లిగ్‌మన్ అనే అమెరికా వైద్యుడు మంగు మచ్చలకు మూడు మందులు కలిపి ఒక మలాము చేశాడు, అందులో స్టెరాయిడు ఒకటి. డాక్టరు కింద కొద్ది వారాలు వాడాల్సిన ఆ తరహా మలామును మన ఆడపిల్లలు పౌడరులాగా ఏండ్లు ఏండ్లు పూస్తున్నారు. ముఖం పలుచనై, ఎండకు మండి, మొటిమలు లేచి, చివరకు ఆపలేక, పూయలేక ఏడుస్తున్నారు.

ఇక బూజు కూడా ఊరికే కూర్చోలేదు. సగం సగం వాడిన మందులకు అలవాటు పడి మొండిదైంది. 2020లో శాస్త్రజ్ఞులు ఒక కొత్త తామర బూజుకు పేరు పెట్టారు. ట్రైకోఫైటన్ ఇండోటినియే. ఆ పేరులో ఇండియా ఉన్నది, చూశారా! టెర్బినఫిన్‌కు చాలాసార్లు లొంగదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు స్త్రీలలో అది కనబడిందని అమెరికా ఆరోగ్యశాఖవారు ప్రకటించారు. నిస్టాటిన్ పుట్టిన రాష్ట్రానికే మొండి తామర చేరింది. ఒకప్పుడు లోకమంతా సుబ్బారావు గారి పేరు బూజుకు పెట్టుకొని గౌరవించింది. ఇప్పుడు మన దేశం పేరు ఇట్లా వచ్చింది.

మరి మనం చేయవలసింది

2022 మేలో కేంద్ర ఆరోగ్యశాఖ చీటీ లేకుండా అమ్మదగిన 16 మందుల ముసాయిదా జాబితా ఒకటి ప్రకటించింది. అందులో క్లోట్రిమజోల్ క్రీము, పొడి ఉన్నాయి. ఐదు రోజుల్లో గుణం కనబడకపోతే డాక్టరు దగ్గరికి పోవాలని షరతు. అంటే ఒంటరి క్లోట్రిమజోల్ అంత భయపడాల్సిన మందు కాదు. కాని దాన్ని వాడే తీరు ఉన్నది.

మొదటిది, చదవండి. ట్యూబు ముందు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. అది కాదు, కింద సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. ఇంగ్లీషు రాకపోతే బడికి పోయే పిల్లలతో చదివించండి. ఒకటే పేరు ఉండాలి. చివర "జోల్" అనో "ఫిన్" అనో వస్తే అది చాలావరకు బూజు మందు. "సోన్" అని, "లోన్" అని, "సాల్" అని వస్తే అనుమానించండి. క్లోట్రిమజోల్, క్లోబెటసాల్ రెండూ "క్లో" తోనే మొదలవుతాయి. ఒకటి మందు, ఒకటి మనకు గండం. దుకాణంలో "తామర క్రీము ఇవ్వు" అనకండి, "ఒట్టి క్లోట్రిమజోల్, వేరేది కలవనిది ఇవ్వు" అని పేరు పెట్టి అడగండి.

రెండోది, తడి. కడుక్కొని, గుడ్డతో బాగా అద్దుకొని, ఆరినాకనే పూయాలి. తడి మీద పూస్తే తొక్కులో తడి గరిటె పెట్టినట్టే. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. మచ్చ మీదనే కాదు, దాని చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు మంచి చర్మం మీద కూడా పూయాలి. బూజు కంటికి కనబడే అంచు దాటి ముందే పాకి ఉంటుంది. పూసినాక చేతులు కడుక్కోవాలి.

మూడోది, ఓపిక. దురద వారంలో పోతుంది, బూజు పోదు. మచ్చ పూర్తిగా మాయమైనాక ఇంకొక రెండు వారాలు పూయాలి. మనం చేసే పెద్ద తప్పు ఇక్కడే. దురద ఆగగానే ట్యూబు గూట్లో పెడతాము. మొండి బూజును పెంచేది ఆ గూడే. రెండు వారాలు సరిగ్గా పూసినా తగ్గనిదీ, ఐదు రోజులైనా ఏమాత్రం గుణం కనబడనిదీ డాక్టరుకు చూపించాలి.

నాలుగోది, బట్టలు. లోపలి లంగా బొందు ఊపిరాడనంత బిగించకండి. తడి చీరతో పొయ్యి దగ్గర, నాట్ల దగ్గర పొద్దంతా ఉండకండి. లోపలి బట్టలు సిగ్గుపడి చాటుగా, చీర కింద ఆరేస్తాము. వాటినే తిరగేసి ఎండలో ఆరేయాలి. మన పాలమూరు ఎండ ఎన్నింటికో శాపం, దీనికి మాత్రం వరం. తువ్వాల ఒకరిది ఒకరు వాడొద్దు, ట్యూబు కూడా అంతే. ఇంట్లో ఇద్దరికి ఉంటే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. లేగదూడలకు, పిల్లులకు కూడా తామర ఉంటుంది, వాటి నుంచి పిల్లలకు అంటుతుంది. వలసపోయి క్యాంపుల్లో గుడిసెలో పదిమంది పడుకొని, బిందెడు నీళ్ళతో సరిపెట్టుకునే మన కూలీలకు ఇవన్నీ చెప్పడం సులువు, చేయడం కష్టం. అది నాకు తెలుసు. కాబట్టి వాళ్ళు ఊరికి వచ్చినప్పుడు తామర చూసి ముక్కు మూసుకోకండి, దవాఖానాకు తోలుకపొండి.

ఐదోది, క్రీముతో కానివి. తలలో తామర, గోళ్ళ తామర పైపూతతో సాధారణంగా పోవు, మింగే మందు కావాలి. షుగరు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు అడగకుండా పూయొద్దు. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ తామర కాకపోవచ్చు, కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వ దవాఖానాల్లో ఉచితంగా మందులు ఉన్నాయి, తొందరగా పోతే పూర్తిగా నయమవుతుంది. ఇప్పటికే ఏండ్లుగా కలగూరగంప ట్యూబు వాడుతున్నవాళ్ళు నా మాట విని రాత్రికి రాత్రి ఆపి బెదిరిపోకండి. ట్యూబు పట్టుకొని డాక్టరు దగ్గరికి పొండి, ఎట్లా ఆపాలో చెబుతారు.

అన్నిటికన్నా పెద్దది సిగ్గు. మా పిల్ల "అమ్మకు చెప్పకు" అన్నది. ఆ ఒక్క మాట వల్ల తల్లికి తెలియలేదు, డాక్టరుకు తెలియలేదు, నా గూడుకే తెలిసింది. తామర మురికి మనుషులకు వచ్చేది కాదు, చెమట పోసే మనుషులకు వచ్చేది. చెమట పోయకుండా మన జిల్లాలో ఎవరు బతికారు?

ఆ పిల్లకు మూడు నెలలు మందు మింగిస్తే, ఒట్టి క్రీము పూస్తే తామర పోయింది. చారలు పోలేదు. ఎరుపు తగ్గి తెల్లగా అయినాయి, అవి ఇక ఉంటాయని డాక్టరు చెప్పాడు. మొన్న పండుగకు వచ్చినప్పుడు పొడుగు చేతుల జాకెట్టు కుట్టించమన్నది. "నీ తప్పేమున్నది అత్తా, నువ్వు మంచికే ఇచ్చినవు" అన్నది. మంచికే ఇచ్చాను, నిజమే. చదవకుండా ఇచ్చాను, అదీ నిజమే.

ఈ ప్రసంగం విన్నాక లేచి మీ గూడు దగ్గరికి పొండి. ఆ ట్యూబు తీసి వెలుగులో పెట్టి వెనుక ఏం రాసి ఉందో చదవండి.